పది నిమిషాలకో పేరు: కాంటాక్ట్ ట్రేసింగ్ బోర్డుల ప్రాజెక్టు డైరీ, విజయవాడ

కడుతున్నది ఇది: ఎనిమిది ఈఎస్‌పీ32 బోర్డులు (బ్లూటూత్ ఉన్న చిన్న చిప్ బోర్డులు), ఒక్కోటీ ఒక ఫోనుగా నటిస్తుంది. కోవిడ్ సోకినవారి దగ్గర మనం ఉన్నామా అని ఫోన్ల బ్లూటూత్‌తో పట్టేందుకు గూగుల్, ఆపిల్ కలిసి 2020 ఏప్రిల్ 10న ప్రకటించిన ఎక్స్‌పోజర్ నోటిఫికేషన్ పద్ధతిని వాటి మీద మొదటి అక్షరం నుంచి రాస్తున్నాం. ఫోనులో ఈ పని ఆపరేటింగ్ సిస్టమ్ కడుపులో జరిగేది. కీలు, అంటే గుప్త సంఖ్యలు, ఎప్పుడు పుట్టాయో, ఎక్కడ దాచిందో మామూలు యాప్‌కి చూపించేది కాదు. బోర్డు మీదైతే ప్రతి బైటూ కళ్లముందే ఉంటుంది. "మీ వివరాలు భద్రం" అనే మాట నిజమవడానికి ఎక్కడెక్కడ ఏం సరిగ్గా పడాలో తేల్చుకోవడమే పని.

రోజు 1: సామాను

4 ఎంబీ ఫ్లాష్ మెమరీ ఉన్న వ్రూమ్-32 డెవ్‌కిట్లు (ఈఎస్‌పీ32 బోర్డులంటే ఇవే) 8, డీఎస్3231 గడియారం మాడ్యూళ్లు 8, 18650 సెల్లులు, హోల్డర్లు, టీపీ4056 ఛార్జింగ్ ముక్కలు, వోల్టేజీ పెంచే ఎంటీ3608 బూస్ట్ ముక్కలు. గూఢచారి వేషానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి. గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు షాపుల్లో అన్నీ దొరికాయి.

సెల్లుని నేరుగా బోర్డు కరెంటు తీసుకునే విన్ పిన్నుకి కలపకండి. డెవ్‌కిట్ మీది ఏఎంఎస్1117 రెగ్యులేటరుకి తన అవుట్‌పుట్ కంటే వోల్టు పైన మిగులు కావాలి. 3.7 వోల్టులిస్తే 3.3 రావు. రేడియో లేచిన క్షణంలో కరెంటు ఎగుస్తుంది, వోల్టేజీ కుంగుతుంది, సీరియల్ మానిటర్లో బ్రౌనౌట్ సందేశం, ఆ వెంటనే రీసెట్. అదే పనిగా ఇదే తిరుగుతుంది. బూస్ట్ ముక్కని 5 వోల్టులకు తిప్పి పెట్టుకోవాలి. బోర్డు తగిలించాక కాదు, ముందే, మల్టీమీటరు పెట్టి. ఎంటీ3608 తన ఇష్టానికి వదిలేస్తే 28 దాకా పోగలదు.

గడియారం మాడ్యూలుకి 3.3 వోల్టులే ఇచ్చాం. నీలిరంగు మాడ్యూలు మీద సెల్లుని ఛార్జ్ చేసే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అందులో వేసేదేమో ఛార్జ్ కాని సీఆర్2032. 5 వోల్టులిస్తే సెల్లు ఉబ్బుతుంది. పైగా గడియారం బోర్డుతో మాట్లాడే ఐ2సీ తీగల మీది పుల్-అప్ రెసిస్టర్లు కూడా 5కి ఎక్కి ఈఎస్‌పీ32 పిన్నులకు చేటు. తీగలు 21, 22 పిన్నులకు.

రోజు 2: ముప్పై ఒక్క బైట్లలో ఇమడాలి

బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటు బ్లూటూత్) పరికరం చుట్టుపక్కల అందరికీ చాటే చిన్న పొట్లాన్ని ప్రకటన అంటారు. మామూలు ప్రకటనలో చోటు 31 బైట్లు. అసలు పద్ధతి ఆ 31నీ అంచుదాకా వాడేస్తుంది: ఫ్లాగులకు 3, ఎఫ్‌డీ6ఎఫ్ అనే సర్వీసు నంబరు చాటడానికి 4, సర్వీసు డేటాకి 24. ఆ 24లో అసలు సరుకు 20 బైట్లు: కాసేపటికోసారి మారే 16 బైట్ల ఐడీ, 4 బైట్ల గుప్త సమాచారం. పేరు, ఫోన్ నంబరు, ఊరు ఏవీ లేవు. పెట్టాలనుకున్నా చోటు లేదు.

ఎఫ్‌డీ6ఎఫ్‌ని ప్రయోగాలకు వాడకూడదు. పక్కన ఎవరి ఫోనులోనైనా ఆ సేవ ఇంకా నడుస్తుంటే మన చెత్త వాళ్ల లాగులోకి, అంటే విన్న ఐడీల చిట్టాలోకి పోతుంది. 128 బిట్ల సొంత సర్వీసు నంబరు పెట్టుకుందామంటే అదొక్కటే 16 బైట్లు తింటుంది, 31లో పట్టదు. చివరికి తయారీదారు డేటా అనే పెట్టెలో, పరీక్షలకని వదిలిన నాలుగు ఎఫ్‌ల కంపెనీ నంబరుతో పంపుతున్నాం. లెక్క 27 బైట్లకు తేలింది. ప్రకటనల మధ్య విరామం 200 నుంచి 270 మిల్లీసెకన్లు.

రోజు 3, 4: కీలు

రోజుకో 16 బైట్ల కీ పుడుతుంది. దీన్ని "రోజు కీ" అందాం. అందులోంచి హెచ్‌కేడీఎఫ్‌తో (ఒక కీలోంచి వేరే కీలు పుట్టించే లెక్క) ఐడీ కీ, సమాచారం కీ అని రెండు పిల్ల కీలు వస్తాయి. ఐడీ కీతో ఏఈఎస్-128 అనే గుప్తీకరణ తిప్పితే పది నిమిషాలకో ఐడీ, రోజుకి 144. ఏఈఎస్‌కి ఇచ్చే 16 బైట్ల ముద్ద ఇలా ఉంటుంది: ఈఎన్-ఆర్‌పీఐ అనే (గీతతో కలిపి) ఆరు ఇంగ్లీషు అక్షరాలు, ఆరు సున్నాలు, చివరి నాలుగు బైట్లలో పది నిమిషాల గడి సంఖ్య, చిన్న బైటు ముందు. ఈ మొత్తాన్ని వెనక్కి తిప్పలేం. ఐడీ చూసి కీ చెప్పలేం, కీ ఉంటే మాత్రం ఆ రోజు 144 ఐడీలూ చిటికెలో పుడతాయి. కాంటాక్ట్ ట్రేసింగ్ నడిచేదీ, గుట్టు నిలిచేదీ ఈ ఒంటిదారి మీదే.

మొదట బోర్డు పుట్టించిన ఐడీ, ల్యాప్‌టాప్‌లో పైథాన్ పుట్టించిన ఐడీ కలవలేదు. కారణం సీ భాష పాత జబ్బు. ఐడీ కీ కోసం హెచ్‌కేడీఎఫ్‌కి ఇచ్చే ఈఎన్-ఆర్‌పీఐకే అనే మాట ఏడక్షరాలు. పొడవు చెప్పే సైజాఫ్ వేస్తే ఎనిమిది వస్తుంది, చివరి సున్నాని కూడా లెక్కేస్తుంది కాబట్టి. హెచ్‌కేడీఎఫ్‌కి ఎనిమిది బైట్లు పోతే కీ మొత్తం మారిపోతుంది. తమాషా ఏంటంటే ఏఈఎస్ ముద్దలో కూడా ఇదే తప్పు చేశాం, కానీ అక్కడ ఏడో బైటు ఎలాగూ సున్నాయే, అందుకని పట్టుబడలేదు. బోర్డులన్నిట్లో ఒకే కోడ్ ఉంటే తమలో తాము చక్కగా కలుస్తాయి, తప్పు బయటపడదు. వేరే భాషలో రాసిన రెండో ప్రోగ్రాంతో సరిపోల్చాల్సిందే.

ఇంకోటి దీనికంటే ప్రమాదం. ఈఎస్‌పీ32లో యాదృచ్ఛిక సంఖ్యల యంత్రం నిజంగా యాదృచ్ఛికం కావాలంటే రేడియో నడుస్తుండాలి, లేకపోతే అందుకని ఉన్న ప్రత్యేక ఏర్పాటుని ఆన్ చెయ్యాలి. కోడ్‌లో కీ పుట్టించడం ముందు, బ్లూటూత్ మొదలవడం తర్వాత ఉండేది. చూడ్డానికి సంఖ్యలు బాగానే ఉంటాయి, ఏ పరీక్షలోనూ తేడా కనబడదు. ఊహించగల కీ అయితే ఇక మిగతా గుప్తత అంతా అలంకారమే. వరస తిప్పాం: ముందు రేడియో, తర్వాత కీ.

రోజు 5: ఐదున్నర గంటల గొడవ

గడి సంఖ్య అంటే 1970 నుంచి గడిచిన సెకన్లను 600తో భాగించగా వచ్చిన పూర్ణాంకం. ఉదాహరణకి 1,70,00,00,000 సెకన్లు తీసుకుంటే గడి 28,33,333. దాన్ని 144తో భాగించి కిందికి కుదిస్తే ఆ రోజు కీ మొదలైన గడి 28,33,200. అంటే 133 గడులు గడిచాయి. ఆ క్షణం ఇక్కడి లెక్కలో 2023 నవంబరు 15 తెల్లవారుజాము 3:43. కీ మారేది అంతర్జాతీయ సమయం అర్ధరాత్రికి, అంటే మనకు పొద్దున్న 5:30కి. బెజవాడలో "రోజు" ఐదున్నరకి మొదలవుతుందని లాగులు చదివేటప్పుడు గుర్తుండాలి.

బోర్డుల్లో గడియారం నింపింది కంపైల్ సమయంతో (ల్యాప్‌టాప్‌లో కోడ్ తయారైన సమయం), అంటే మన స్థానిక సమయంతో. దాన్ని అంతర్జాతీయ సమయం అనుకుని లెక్క కట్టింది కోడ్. తేడా 19,800 సెకన్లు, సరిగ్గా 33 గడులు. సరిపోల్చేటప్పుడు గడియారాల తేడాకని రెండు గంటలు, అంటే 12 గడులు అటూఇటూ ఒప్పుకుంటారు. 33 ఒప్పుకోరు. ఎనిమిది బోర్డులూ ఒకే తప్పులో ఉన్నాయి కాబట్టి ఇక్కడా తమలో తాము కలిశాయి. ల్యాప్‌టాప్ సర్వర్ తగిలించాకే ఒక్క మ్యాచ్ కూడా రాలేదు. ఇప్పుడు డీఎస్3231లో అంతర్జాతీయ సమయమే ఉంటుంది, చూపించేటప్పుడే 5:30 కలుపుతాం.

గడియారం విడిగా ఎందుకంటే, ఈఎస్‌పీ32 లోపలి నిదాన గడియారం వేడికి జారుతుంది, ఇక్కడి మే నెల ఎండలో మరీ. డీఎస్3231 వేడిని కొలుచుకుని తనే సర్దుకుంటుంది. 0 నుంచి 40 డిగ్రీల మధ్య తేడా 2 పీపీఎం (పది లక్షల్లో 2 వంతులు) లోపు, ఏడాదికి నిమిషం పైచిలుకు.

రోజు 7: పేరు మార్చి చొక్కా మార్చకపోతే

ప్రతి బ్లూటూత్ ప్రకటనకీ పంపినవాడి చిరునామా అని 6 బైట్లు తోడుంటాయి. ఐడీ మారినా చిరునామా పాతదే ఉంటే పాత ఐడీనీ కొత్త ఐడీనీ ఎవరైనా ముడేస్తారు. పది నిమిషాలకోసారి పేరు మార్చుకుంటూ అదే చొక్కాతో తిరిగినట్టు. రెండూ ఒకే క్షణాన మారాలి. అసలు పద్ధతి 10 నుంచి 20 నిమిషాల మధ్య ఏదో ఒక క్షణాన రెండిటినీ కలిపి మారుస్తుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద స్నిఫర్ (గాలిలోని ప్రకటనలన్నీ వినే ప్రోగ్రాం) పెట్టి చూస్తే మూడు బోర్డులు ఐడీ మార్చి చిరునామా మార్చడం లేదు. ప్రకటన నడుస్తుండగా చిరునామా మార్చమంటే బ్లూటూత్ కంట్రోలర్ కుదరదంటుంది. ఆ జవాబుని కోడ్ చూడకుండా ముందుకెళ్లిపోయింది. సరైన వరస: ప్రకటన ఆపు, కొత్త చిరునామా పెట్టు, కొత్త ఐడీ పెట్టు, ప్రకటన మొదలుపెట్టు. ఏ మెట్టు దగ్గర లోపం వచ్చినా ప్రకటనే ఆగిపోవాలి, పాతదానితో కొనసాగకూడదు. చిరునామాలో పై రెండు బిట్లు సున్నాలుండాలి. అప్పుడే అది ఎవరూ వెనక్కి తీయలేని రకం.

అయినా గదిలో ఒకే ఒక్క బోర్డు ఉంటే ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేదు. పాతది ఆగిన సెకనులో కొత్తది లేచింది, ఇంకెవరు? గుంపులోనే గుట్టు. రేడియో క్రిస్టల్లో ఉండే సూక్ష్మమైన తేడాలను బట్టి పరికరాన్ని గుర్తుపట్టే మార్గాలూ ఉన్నాయి, వాటికి ఈ బోర్డుల్లో మందు లేదు.

రోజు 8: వినడం, రాసుకోవడం

నాలుగు నిమిషాలకోసారి 5 సెకన్లు స్కాన్. 250 మిల్లీసెకన్లకో ప్రకటన అనుకుంటే ఒక పొరుగు బోర్డు నుంచి 20 దాకా వినపడాలి, అన్నీ పడవు. ఒక స్కాన్లో ఒక ఐడీకి ఒకే వరస రాస్తాం: ఐడీ, గుప్త సమాచారం, సమయం, సిగ్నల్ బలం, మొత్తం 32 బైట్లకు సర్దాం. 1.5 ఎంబీ లాగులో 49,152 వరసలు. పదిమంది పొరుగువాళ్లుంటే రోజుకి 3,600. పదమూడున్నర రోజులకు నిండుతుంది, కావాల్సింది 14. రెండు స్కాన్లలోనూ ఒకే ఐడీ ఉంటే పాత వరసలోనే కలిపేస్తున్నాం, సరిపోయింది.

మన కంపెనీ నంబరు లేని ప్రకటనలను వినపడగానే, కాల్‌బ్యాక్‌లోనే పారేస్తున్నాం, లాగుకి చేరనివ్వం. బస్సులో పరీక్షిస్తే చుట్టుపక్కల ఇయర్‌ఫోన్లు, వాచీలు అన్నీ వినపడతాయి. వాటిని రాసుకునే హక్కు మనకి లేదు.

కరెంటు: స్కాన్ చేస్తున్నంతసేపూ బోర్డు 100 మిల్లీఆంపియర్ల చుట్టూ లాగుతుంది. ప్రకటనకని పావుసెకనుకోసారి లేవాలి కాబట్టి గాఢనిద్ర కుదరదు. సెల్లుతో రోజు గడిస్తే చాలు. పవర్‌బ్యాంక్ పెడితే ఇంకో తంటా: స్కాన్ లేనప్పుడు వాడకం తగ్గి, లోడ్ లేదనుకుని తనే ఆరిపోయే రకాలు చాలా ఉన్నాయి.

రోజు 10, 11: రెండు మీటర్లని బ్లూటూత్‌కి ఎవరు చెప్పాలి

ఈ ప్రాజెక్టులో ఎక్కువ తిట్టించుకున్నది ఇదే. చాలా దేశాల యాప్‌లు పెట్టుకున్న కొలత సుమారు 2 మీటర్ల లోపు, 15 నిమిషాలు. బ్లూటూత్‌కి దూరం తెలీదు, బలం తెలుసు. పంపిన బలంలోంచి అందిన బలం తీసేస్తే క్షీణత. పంపిన బలం ఎంతో ఆ 4 బైట్ల గుప్త సమాచారంలో ఉంటుంది, రోజు కీ బయటపడ్డాకే విప్పగలం.

ఖాళీ మైదానం లెక్క ప్రకారం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మీటరు దూరంలో క్షీణత 40 డెసిబెల్స్ చుట్టూ. దూరం రెట్టింపైతే ఇంకో 6. అంటే మీటరుకీ రెండు మీటర్లకీ తేడా 6 డెసిబెల్సే. మనిషి ఒళ్లు మధ్యలో అడ్డం వస్తే అంతకు రెండుమూడు రెట్లు పోతుంది. వెనక జేబులో పెట్టిన బోర్డు ఎదుటి మనిషికి దూరంగా, వెనకవాడికి దగ్గరగా కనిపిస్తుంది. సంచిలో స్టీలు క్యారేజీ పక్కన పెడితే ఒక్కోసారి అసలే వినపడదు. ప్రకటనలు మూడు ఛానెళ్ల మీద, 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్‌లలో పోతాయి. ఒక్కోదాంట్లో యాంటెన్నా ఒక్కోలా వింటుంది, ఏ ఛానెల్లో విన్నదీ బోర్డు చెప్పదు. అందుకే బోర్డుని కదపకుండా బల్ల మీద పెట్టినా అంకె గెంతుతూనే ఉంటుంది. ఒక స్కాన్లో విన్నవాటి మధ్యస్థం తీసుకుంటున్నాం.

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా సిటీ బస్సులో నాలుగు బోర్డులు పెట్టి చూశాం. రేకు గోడల మధ్య సిగ్నల్ కొట్టుకుని తిరిగొస్తుంది. రెండు వరసల అవతలిది కొన్నిసార్లు పక్క సీటుదానికంటే బలంగా వినిపించింది. ఇది మన బోర్డుల లోపమే కాదు. 2020లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ట్రామ్‌లో ఫోన్లతో కొలిస్తే, అప్పటి స్విట్జర్లాండ్, జర్మనీ నియమాలు వాళ్ల డేటా మీద ఒక్క హెచ్చరికా ఇవ్వలేదు. ఇక అపార్ట్‌మెంటులో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకి ఇటొక మంచం, అటొక మంచం ఉంటే రాత్రంతా కాంటాక్ట్ అని లాగు రాస్తుంది. సిగ్నల్ గోడ దాటుతుంది, వైరస్ దాటదు. నియమం రాసేవాళ్లు ఏ అంకె దగ్గర గీత గీసినా ఒకవైపు తప్పిపోతారు. ఈ ప్రాజెక్టులో గీతని సరిదిద్దే ప్రయత్నం మానేశాం, క్షీణతల పట్టికని అలాగే చూపిస్తున్నాం.

రోజు 13: పాజిటివ్ అయితే

ల్యాప్‌టాప్ మీద చిన్న సర్వర్. పాజిటివ్ వచ్చినవారి బోర్డు గత 14 రోజుల కీలు మాత్రమే పంపుతుంది, ఎవరిని కలిసిందో పంపదు. 14 కీలు అంటే 224 బైట్లు. మిగతా బోర్డులు అందరి పాజిటివ్ కీలూ దించుకుని, ఐడీలు పుట్టించి, తమ లాగుతో తామే పోల్చుకుంటాయి. ఎవరికి హెచ్చరిక వచ్చిందో సర్వర్‌కి తెలియదు.

వెయ్యిమంది పాజిటివ్‌లుంటే 1,000 × 14 × 144, అంటే 20,16,000 ఐడీలు పుట్టించాలి. ఏఈఎస్ హార్డ్‌వేర్లోనే ఉంది కాబట్టి అది సమస్య కాదు, మెమరీయే సమస్య. లాగు మొత్తం ర్యామ్‌లో పట్టదు. రోజు వారీగా విడగొట్టి, ఐడీల మొదటి 4 బైట్లు మాత్రమే వరసపెట్టి ఉంచుకుంటే రోజుకి 14 కేబీ చాలు. నాలుగు బైట్లు కలిస్తే ఫ్లాష్‌లోంచి పూర్తి ఐడీ తెచ్చి చూడాలి.

సర్వర్ వైపు చిన్నవిగా కనిపించే నాలుగు జాగ్రత్తలు. ఆసుపత్రి ఇచ్చే, ఒక్కసారే పనిచేసే కోడ్ లేకుండా కీలు తీసుకోకూడదు, లేకపోతే పరీక్ష ఎగ్గొట్టాలనుకున్న కుర్రాడెవడైనా కాలేజీ మొత్తానికి హెచ్చరిక పంపిస్తాడు. ఈ రోజు కీని ఈ రోజే ప్రచురించకూడదు. దాంతో మిగిలిన గంటల ఐడీలు ముందే పుట్టించి వేరొకరు ప్రసారం చెయ్యొచ్చు. ప్రచురించే ముందు కీలను కలిపి చిందరవందర చెయ్యాలి, ఒకరి 14 పక్కపక్కనే ఉంటే రోజుల్ని ముడేసినట్టే. నాలుగోది మనం మర్చిపోయినది: కీలు పంపే చోటుకి పాజిటివ్‌లు మాత్రమే వెళ్తే, సర్వర్‌కి వెళ్లడమే పాజిటివ్ అని చాటుకోవడం. లోపల గుప్తీకరణ ఎంత ఉన్నా, వైఫై నడిపేవాడికి ఎవరు వెళ్లారో కనిపిస్తుంది. అందుకని ప్రతి బోర్డూ అప్పుడప్పుడూ అంతే సైజు ఉత్తుత్తి పొట్లం పంపుతుంది, సర్వర్ పారేస్తుంది.

రోజు 14: గూఢచారి

రాస్ప్‌బెర్రీ పై ఒకటి మెట్ల దగ్గర, ఇంకోటి అరువు తెచ్చి టీ బల్ల దగ్గర. రెండూ విన్న ఐడీలన్నీ సమయంతో రాసుకున్నాయి. మూడో నంబరు బోర్డుని పాజిటివ్ చేసి కీలు ప్రచురించాం. అప్పటిదాకా విడివిడి పూసల్లా ఉన్న ఐడీలు ఒక్కసారిగా దండైపోయాయి. మూడో నంబరు ఎప్పుడు మెట్లు దిగింది, ఎంతసేపు టీ బల్ల దగ్గరుంది, అన్నీ. పక్కన కెమెరా ఉంటే ముఖం కూడా. ఇది కోడ్ తప్పు కాదు, పద్ధతిలోనే ఉన్న ఖరీదు. పాజిటివ్ అయినవాళ్లు, ఆ రోజుల వరకు, స్నిఫర్లు పెట్టుకున్నవాడికి దొరుకుతారు. కీ రోజుకొకటి కావడం వల్ల నష్టం రోజులుగా విడిపోయి ఆగుతుంది. సర్వర్ మొత్తం చూడటం కంటే ఇది చిన్న చేటు, ఆ మాట ఒప్పుకుని మరీ అనుమతి అడగాలి.

రోజు 15: అటువైపు ఇళ్లు

పోల్చడానికి ఆరోగ్య సేతు. 2020 ఏప్రిల్ 2న కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ తెచ్చింది. పేరు, ఫోన్ నంబరు, వయసు, వృత్తి, విదేశీ ప్రయాణం నమోదులోనే అడిగేది. సర్వర్ ఇచ్చిన ఒక డిజిటల్ ఐడీతో బ్లూటూత్ పరిచయాలు, పావుగంటకోసారి జీపీఎస్. అవి ఫోనులోనే ఉండి, పాజిటివ్ అయినప్పుడో, స్వీయ పరీక్షలో లక్షణాలు తేలినప్పుడో సర్వర్‌కి పోయేవి. ఫోనులో 30 రోజులు, సర్వర్లో 45, కోలుకున్నవారివి 60 అని విధానపత్రం. ఆండ్రాయిడ్ కోడ్ మే 26న బయటపెట్టారు. ఆరోగ్యశాఖకి పటం కనిపించాలంటే ఇలాంటి కేంద్రీకృత పద్ధతే కావాలి, ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ గడువులన్నీ కాగితం మీది మాటలు, గణితం కాదు.

సింగపూర్ యాప్ ట్రేస్‌టుగెదర్ మధ్యేమార్గం. ఐడీ 15 నిమిషాలకోసారి మారేది, కానీ దాన్ని విప్పే తాళం ఆరోగ్యశాఖ దగ్గర. పోలీసులు కూడా ఆ డేటా తీసుకోవచ్చని 2021 జనవరిలో అక్కడి పార్లమెంటులో తేలింది. ఫిబ్రవరిలో ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. తాళం ఒకరి చేతిలో ఉంటే తలుపు ఎందుకు తెరవాలో తర్వాత కూడా నిర్ణయించొచ్చు.

రోజు 16, 17: చెరిపేశాం అనుకున్నది

ఐదో నంబరు బోర్డు గడియారాన్ని 15 రోజులు ముందుకి తిప్పాం, పాత లాగు, పాత కీలు చెరిగిపోయాయని కోడ్ చెప్పింది. తర్వాత యూఎస్‌బీ తగిలించి ఫ్లాష్ మొత్తం ఫైలుగా దించి, మొదటి రోజు కీ బైట్ల కోసం వెతికాం. ఉంది. ఫ్లాష్‌లో చెరపడం అంటే చాలాసార్లు "ఇది చెల్లదు" అని గుర్తు పెట్టడమే, బైట్లు ఆ పేజీ మళ్లీ వాడేదాకా అలాగే పడుంటాయి. ఫైల్ సిస్టమ్‌లో లాగు వరసలదీ అదే తీరు.

మార్పు ఇది. రోజు కీలు ఎన్‌వీఎస్ (చిన్న సెట్టింగులు దాచే ఫ్లాష్ విభాగం) నుంచి తీసేసి, 4 కేబీ సెక్టార్ల సొంత విభాగంలో, రోజుకో సెక్టారు. 14 రోజులు దాటితే సెక్టారు మొత్తాన్ని హార్డ్‌వేర్ ఎరేజ్. లాగు ఫైలుని రోజుకో తాళంతో గుప్తీకరించి, ఆ తాళం కూడా అదే సెక్టార్లో. సెక్టారు పోతే లాగు ముక్కలు ఎక్కడ మిగిలినా చదవరావు. 14 రోజులకు 14 సెక్టార్లు, 56 కేబీ. రెండు అదనంగా ఉంచాం. బోర్డుకి ఫ్లాష్ ఎన్‌క్రిప్షన్ ఇంకా పెట్టలేదు. ఒకసారి ఫ్యూజు కాలితే వెనక్కి రాదు, అది చివరి బోర్డు మీద చివరి రోజున.

మళ్లీ 15 రోజులు ముందుకి తిప్పి, దించి, వెతికాం. ఐదో నంబరులో మొదటి రోజు కీ లేదు, ఆ చోటంతా ఎఫ్‌ఎఫ్‌లే, అంటే ఖాళీ. ఏడో నంబరులో మాత్రం ఇంకా ఉంది. పాత ఫర్మ్‌వేర్ నాటి ఎన్‌వీఎస్ పేజీలో మిగిలిపోయిన కాపీ అది. ఎనిమిది బోర్డులనీ ఒకసారి పూర్తిగా ఎరేజ్ కొట్టి మళ్లీ ఎక్కిస్తున్నాం.